ఊపిరి పోయిన చోటు

కొళాయి ఆగేలోగా నీళ్లు పట్టాలి. పొయ్యి రాజేసి పిల్లలకింత గంజి కాయాలి. యుద్ధం రోజులు గనక వెలుగు బయటికి పోకుండా కిటికీకి అంటించిన నల్లకాగితం చిరిగితే మళ్లీ అతికించాలి. పదోరోజు పనులకి మనుషుల్ని పిలుచుకోవాలి. ఇవన్నీ చేస్తూ, ఏడుపు గోడ దాటకుండా చూసుకోవాలి. నూకయ్య చావు దేశరహస్యమని అతని పెళ్లాం దాలమ్మకి ఆఫీసు వాళ్లు చెప్పి వెళ్లారు.

నూకయ్య రైల్వే వ్యాగన్ల షెడ్డులో వెల్డరు. రిపేరుకొచ్చిన మిలిటరీ వ్యాగన్లో మందుగుండు మిగిలిపోయిందని అతనికి ఎవరూ చెప్పలేదు. నిప్పురవ్వ పడింది. శవాన్ని ఇంటికి తేనివ్వకుండా పోలీసులే దగ్గరుండి దహనం చేయించారు. కలకత్తాకి దగ్గరున్న ఈ రైల్వే ఊళ్లో, ఝపటాపూర్ పేటలో నాలుగు పేజీల తెలుగు వారపత్రిక నడిపే సుందర్ రాజు ఆ సంగతి అచ్చువేశాడు. మర్నాడే అతన్ని పట్టుకుపోయి ప్రెస్సుకి తాళం వేశారు.

మిట్టమధ్యాహ్నం వెల్ఫేర్ ఇన్‌స్పెక్టర్ ఈశ్వరరావు వచ్చాడు. కోస్తా మనిషి, ఆచారాలు తెలిసినవాడు. గది మూలమూలా చూశాడు.

"దీపం ఏదమ్మా?"

ప్రాణం పోయిన చోట పదోరోజు దాకా దీపం ఆరకూడదు. షెడ్డులో, పాత చక్రాల చాటున, నూకయ్య తోటివాళ్లు డ్యూటీ మారినప్పుడల్లా నూనె పోస్తున్నారు. దాలమ్మ ఆ మాట చెప్పలేదు.

"రేపు కలకత్తా నుంచి పెద్దాఫీసర్లు విచారణకి వస్తారు. నూకయ్య జ్వరంతో ఇంట్లోనే పోయాడని చెప్పు. ఇక్కడో దీపం పెట్టావంటే ఇక ఎవరూ అడగరు. క్వార్టరు నీకే ఉంచుతాం. షెడ్డులో ఊడ్చే పని కూడా ఇప్పిస్తాను."

"మరి పేపరు బాబుని ఒగ్గేత్తారేటి?"

"అతను రాసింది అబద్ధం. పైగా మిలిటరీ రహస్యం బయటపెట్టాడు."

పక్కింటి చిట్టెమ్మ చంకలో బిందె దించింది. "అబద్దమైతే రగస్యమెలగయిందండి బాబూ? రొండిట్లో ఏదో ఒకటి సెప్పండి, అదే నమ్ముకుంటాం."

ఈశ్వరరావు మొహం కందగడ్డయింది. "నీ పని నువ్వు చూసుకో! దాలమ్మా, పిల్లల మొహం చూడు."

దాలమ్మ చూసింది. పెద్దపిల్ల చెల్లికి గంజి తాగిస్తోంది. గూట్లో ప్రమిద ఉంది, సీసాలో నూనె ఉంది. ఒక్క అగ్గిపుల్ల గీస్తే చాలు.

"ఈడ ఎలిగిత్తే ఆయన ఈడే పోయినట్టు గదా బాబూ?"

"మనక్కావలసింది అదేగా."

"నాను ఎలిగించను."

"ఏమన్నావ్?"

"అబద్దపు దీపం ఎట్టను. జరమొచ్చి పోనాడనీ సెప్పను. ఆ పొద్దు ఆయన గట్టిగానే పనికెల్లినాడు. కాటికాడ మీరు నాకు కాళ్లే సూపించినారు, మొకం సూపించనేదు."

"నెలాఖరుకి క్వార్టరు ఖాళీ చెయ్యి," అని ఈశ్వరరావు మెట్లు దిగాడు.

"ఎంత పని సేసినావే దాలీ!" అంటూ చిట్టెమ్మ ఆమె చేతులు పట్టుకుంది.

నెలాఖరుకి దాలమ్మ పిల్లలతో ఊరి చివర సాలువా వైపు ఓ పాకలోకి మారింది. సుందర్ రాజు విచారణ తలుపులు మూసి జరిపారు. దాలమ్మని సాక్ష్యానికి పిలవలేదు. అతను ఇంకా జైల్లోనే ఉన్నాడు. ఆ సంగతి రాయడానికి ఇక్కడిప్పుడు తెలుగు పేపరు లేదు. చదివిన మీరైనా సుందర్ రాజుని గుర్తుపెట్టుకోండి. అతను రాసింది నిజం.