హారతికి పనికిరాని డబ్బా

నేను ఒక పదిహేను లీటర్ల ప్లాస్టిక్ డబ్బాను. సొంత పడవకు అనుమతి వచ్చిందని ఫోన్ మోగిన క్షణాన, గోదావరి రేవులో పేరయ్య చేతుల్లో ఒంగి ఇంజనుకు పెట్రోలు పోస్తున్నాను. సంతోషంలో ఆయన చెయ్యి కదిలింది. గ్లాసుడు పెట్రోలు పడవ అడుగున ఒలికింది. "అదే ఆరిపోద్ది" అని ఆయన పైన పలకలు మూసేశాడు.

గారెలు వేయించే నూనె మోయడానికి పుట్టినదాన్ని. ఒక పెళ్ళిలో ఖాళీ అయ్యాక పేరయ్య నాకు పెట్రోలు ఉద్యోగం ఇచ్చాడు. నా మూత ఏట్లో పడిపోతే పాలకవరు చుట్టి రబ్బరుబ్యాండు వేశాడు. అంత బిగుతు మూత కంపెనీవాడు కూడా వెయ్యలేడని ఆయన నమ్మకం. కారుతున్న సంగతి నాకు తెలుసు. డబ్బాను ఎవరడుగుతారు?

కాసేపటికి ఆయన కొడుకు రాంపండు, పన్నెండు రోజుల క్రితం ఇంటికొచ్చిన కోడలు హైమ వచ్చారు. పడవ ముక్కు మీద వంకర అక్షరాలతో తన పేరు చూసి ఆ పిల్ల మురిసిపోయింది. ఇంజను దగ్గర కర్పూరం వెలిగించి కొత్త కోడలితో కుడికాలు పెట్టించడం వాళ్ళ ఆనవాయితీ. కాలు పెట్టబోయిన హైమ ఆగిపోయింది.

"మావయ్యా, పెట్రోలు ఒలికిందా?"

"రెండు చుక్కలమ్మా. ముహూర్తం దాటిపోతంది, ఎక్కు తల్లీ." అగ్గిపెట్టె అప్పటికే ఆయన చేతిలో ఉంది.

"పుల్ల గియ్యకండి. ఆ ఆవిరి గాలికన్నా బరువు. పలకల కింద చేరి ఉంటుంది. ఇప్పుడు వెలిగిస్తే హారతి మనకే."

"కెమిస్ట్రీ చదివింది నాన్నా" అన్నాడు రాంపండు గర్వంగా.

"ముప్పయ్యేళ్ళు పడవ నడిపాను. నాదీ చదువే" అన్నాడు పేరయ్య. ఆగిన హారతి అపశకునం. రేపు పడవకు ఏ గీత పడినా ఈ పిల్ల పేరే చెబుతారు. అది హైమకూ తెలుసు. అయినా కాలు వెనక్కి తీసుకుంది.

"ముందు పలకలు తియ్యండి మావయ్యా."

పేరయ్య విసురుగా పలక ఎత్తాడు. గుప్పున కొట్టిన ఘాటుకు దగ్గి, కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత అగ్గిపెట్టె కొడుకు చేతికిచ్చి, "దూరంగా పెట్టు" అన్నాడు.

అడుగు తుడిచి, వాసన పూర్తిగా పోయేదాకా గాలాడనిచ్చారు. హారతి ఒడ్డునే, పడవకు దూరంగా ఇచ్చారు. కొత్త ముహూర్తం పేరయ్యే కనిపెట్టాడు. హైమ కుడికాలు పెట్టి, గట్టు మీద ఉన్న నా వైపు చూసింది.

"ఇది ఇంక పడవెక్కకూడదు. బిగుతు మూతున్న పెట్రోలు డబ్బా కొందాం. దీన్ని రేపు కడిగి, ఎండబెట్టి, పైన కోసి ఇసుక నింపుదాం. నిప్పంటుకుంటే పనికొస్తుంది."

"కత్తి కాల్చి కోస్తే వెన్నలా తెగుద్ది" అన్నాడు పేరయ్య.

హైమ ఆయన వైపు చూసింది.

"రంపంతోనే లేమ్మా" అన్నాడాయన.

కాబట్టి రేపు పొద్దున్నే నాకు తలంటు, ఆ తర్వాత రంపం.