బీర్తె రక్తంలో సంతోషం

తన యాభయ్యో పుట్టినరోజుకి తనే రొయ్యలు ఒలుస్తోంది బీర్తె. ఆడపడుచు టోవె వంటింటి గుమ్మానికి ఆనుకుని నిట్టూర్చింది.

"నిన్ను చూస్తే కుళ్లొస్తుందే. పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నావు, మొహంలో విసుగే లేదు. నాకైతే ఈపాటికి తలనొప్పి వచ్చేసేది."

తలనొప్పి బీర్తెకి నిన్నటినుంచే ఉంది. చెబితే ఈ ఇంట్లో ఎవరూ నమ్మరు. మొగుడు ఆస్గర్ కవలల మీద పరిశోధన చేస్తాడు, మనిషి సంతోషంలో పుట్టుకతో వచ్చే వాటా ఎంత అని. డెన్మార్క్ అంతా తిరిగి ఉపన్యాసాలిస్తాడు. "ఉదాహరణకి మా ఆవిడ" అంటాడు ప్రతిచోటా. "ఏం వచ్చినా నవ్వుతూనే ఉంటుంది. జన్యువులు అలాంటివి." పిల్లల కోసం సగం జీతానికి దిగినప్పుడూ, అతని అతిథులకి వండి వార్చినప్పుడూ ఆమె పళ్లు బిగబట్టి తెచ్చుకున్న నవ్వంతా తాతముత్తాతల గొప్పయి కూర్చుంది. టోవెది సున్నితమైన పుట్టుకట. అందుకని ఆమె గిన్నె కడగదు.

"అంతా పుట్టుకేనా?" అని ఒకసారి అడిగింది బీర్తె.

"కాదులే. మూడోవంతో, కాస్త ఎక్కువో. మిగతాది చుట్టూ ఉండే పరిస్థితులు" అంటూ ఆస్గర్ ఖాళీ కాఫీ కప్పు ఆమెకేసి జరిపాడు. తన చుట్టూ ఉన్న పరిస్థితులకి ఓ పేరుందనీ, ఆ పేరు బీర్తె అనీ అతనికి తట్టలేదు.

దూరాన ఉన్న ఆల్బోర్ ఊళ్లో లైబ్రరీ వాళ్లు పూర్తి జీతం ఉద్యోగం ఇస్తామన్నారు. ఔనో కాదో సోమవారంలోగా చెప్పాలి. ఈ హడావుడి అయ్యాక అతనికి చెబుదామనుకుంది.

భోజనం మధ్యలో అక్కడి ఆనవాయితీ ప్రకారం, పుట్టినరోజు మనిషి మీద కట్టిన పాట కాగితాలు పంచారు. పాత బాణీకి ఆస్గరే మాటలు కట్టాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా అందుకున్నారు. బీర్తె అలసట ఎరగదని ఒక చరణం, నవ్వు ఆమె రక్తంలోనే ఉందని ఇంకోటి. తుంటి విరిగిన అత్తగారు ఇంగెబోర్ వసంతానికల్లా ఈ ఇంటికే వచ్చేస్తుందనీ, బీర్తె ఉండగా దిగులేమిటనీ ఆఖరిది. ఆ సంగతి బీర్తెకి పాటలోనే తెలిసింది. అప్పటికే సగం తన నోటితోనే పాడేసింది.

ఇంగెబోర్ ఆమె చెయ్యి నొక్కింది. "మునిసిపాలిటీ వాళ్లు నన్ను చూసుకోడానికి మనిషిని పంపిస్తామన్నారు గానీ, ముక్కూ మొహం తెలియనివాళ్లెందుకు? నీకు ఇవన్నీ బరువనిపించవు కదా."

"మరి టోవె?"

"అది తట్టుకోలేదు" అన్నాడు ఆస్గర్. "దాని తత్వం నీకు తెలుసుగా."

పాటకి బదులుగా పుట్టినరోజు మనిషి రెండు ముక్కలు మాట్లాడాలి. బీర్తె లేచింది. నవ్వలేదు. కరెంటు పోయినట్టు అందరూ ఆమెకేసి చూశారు.

"ఇంగెబోర్, మునిసిపాలిటీ పంపే మనిషికి సరేనను. నాకు ఆల్బోర్‌లో ఉద్యోగం వచ్చింది. వెళుతున్నాను. గది అక్కడే తీసుకుంటాను."

ఆస్గర్ గొంతు తగ్గించాడు. "ఏమైంది నీకు? నీ స్వభావం ఇది కాదే."

"నా స్వభావం ఇదే, ఆస్గర్. ఇన్నాళ్లూ నువ్వు చూసింది నా చాకిరీ."