ఎవరూ వినని చరణం

మా ఊళ్ళో కికువాజూని పేటలో జరిగిన ఆ పెళ్ళికి మేం పాడటానికి వెళ్ళలేదు, తినడానికి వెళ్ళాం. పాట మాకు పోటీగా పాడే కిబీబీ బృందానిది. పెరట్లో వేసిన చాపల మీద బిర్యానీ పళ్ళెం చుట్టూ కూర్చున్నాం. నా పక్కనే మ్వానాహిజా అక్క. మా బృందానికి పాటలు కట్టేది ఆవిడే.

మా దగ్గర తారబ్ పాటంటే సగం సంగీతం, సగం ఎత్తిపొడుపు. సవతి మీద ఒళ్ళు మండినా, పొరుగింటావిడ నోరు మూయించాలన్నా ఆడవాళ్ళు ముందు అక్క గుమ్మమే తొక్కుతారు. అక్క ఎవరి పేరూ ఎత్తదు. పెళ్ళిలో పాట మొదలయ్యాక అది ఎవరికి తగలాలో వాళ్ళకే తగులుతుంది. తగిలినావిడ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని లేచిపోయిందంటే పాట పండినట్టు.

కిబీబీ మైకు అందుకుని కొత్త పాట ఎత్తుకుంది.

"నా ముంగిట ఎండిన లవంగం
నీ కొంగుముడిలో గుబాళిస్తోంది;
ఉతుక్కో చెల్లీ, ఆరేసుకో,
వాసనకి తాళం వేసేదెవరు?"

ఆడవాళ్ళు గొంతులెత్తి కేరింతలు కొట్టారు. నోట్లు పట్టుకుని ఊగుతూ వెళ్ళి కిబీబీ దోసిట్లో పోశారు. అక్క చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ చరణం మాది. ఇంకా సాధనలోనే ఉంది. మేం పాడుకునే గది దాటి అది బయటికి రాలేదు.

"రయ్యా, విన్నావా?" అని అక్క నా వైపు తిరిగింది.

"విన్నానక్కా."

"నువ్వెక్కడైనా పాడావా?"

"నేనా? వంటింట్లో కూడా పాడలేదు."

సరేనంది. కానీ నా ముఖంలో ఏదో వెతుకుతున్నట్టు కాసేపు అలాగే చూసింది. చిన్నప్పటినుంచీ ఆవిడ వెనక వంత పాడుతున్నాను, అలాంటి చూపు ఎప్పుడూ ఎరగను.

అయితే ఆవిడ అనుమానం నా మీద నిలవలేదు, హారూబ్ బాబాయ్ మీదికి పోయింది. బాబాయ్ మా బృందంలో అందరికంటే పెద్దాయన. కానూన్ అనే తీగల పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఆయన మీటడం మొదలుపెడితే గదిలో ఈగ కూడా కదలదు. ఆయన మేనల్లుడు నస్సోర్‌కి దరజానీ బజారులో స్టూడియో ఉంది. కిబీబీ పాటలు రికార్డయ్యేది అక్కడే. అనుమానానికి అంతకంటే ఏం కావాలి?

మర్నాడు సాయంత్రం అసర్ నమాజయ్యాక అందరం సాధనకి కూర్చున్నాం.

"బాబాయ్, మీ మేనల్లుడు బాగున్నాడా?" అంది అక్క.

"బాగానే ఉన్నాడు. ఎన్నడూ లేంది వాడి మీద పడిందేం నీ ప్రేమ?"

"ఏం లేదు. ఈమధ్య వాడి స్టూడియోలో మంచి మంచి చరణాలు పుడుతున్నాయట. తల్లెవరో మాత్రం చెప్పడం లేదట."

బాబాయ్ వేళ్ళకున్న మీటు ఉంగరాలు ఒక్కొక్కటే తీసి చిన్న డబ్బాలో పెట్టాడు. కానూన్‌ని గుడ్డలో చుట్టి చంకన పెట్టుకున్నాడు.

"మీ నాన్న బతికుండగా ఈ గదిలో కూర్చున్నవాణ్ణి. కోపమొస్తే కర్రెత్తేవాడు గానీ ఇంత మాట అనలేదమ్మా మీ నాన్న," అని వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర చెప్పులు వేసుకోవడానికి ఆయన అవస్థ పడుతుంటే కూడా ఎవరం లేవలేదు.

ఆ తర్వాత అక్క ఒక ఎత్తు వేసింది. నన్ను పక్కకి పిలిచి, విరిగిన తెడ్డు మీద ఒక చరణం చెప్పి, "నీకొక్కదానికే చెబుతున్నా" అంది. నేను పొంగిపోయాను. డోలు వాయించే మ్కాసికి మరో చరణం చెప్పిందట, వయొలిన్ వాయించే ఆయనకి ఇంకొకటి. అందరికీ అదే మాట, నీకు మాత్రమే అని. ఎవరి చరణం బయటపడితే దొంగ వాళ్ళేనని లెక్క.

మ్కాసి కడుపులో మాట దాగదు. "నాకు ఎండిన బావి ఇచ్చింది, నీకేమిచ్చింది?" అని ఉడికించిన కర్రపెండలం తింటూ అడిగేసింది. ఇద్దరం పగలబడి నవ్వాం. ఆ తర్వాత ఆగిపోయాం. అంటే అక్క కళ్ళలో మేమంతా దొంగలమే. ఆ రోజు నుంచి సాధన అవగానే ఎవరి దారి వాళ్ళదే. కలిసి కాఫీ తాగడం కూడా మానేశాం.

కొన్నాళ్ళకి కిబీబీ కొత్త పాట రేడియోలో వచ్చింది. నేను అక్క ఇంట్లోనే ఉన్నాను. అందులో తెడ్డు లేదు, బావి లేదు. "దీపం అరువడగ వచ్చినావిడ ఇల్లూ ఎత్తుకుపోయింది" అని ఉంది. అమ్మయ్య, ఇది మాది కాదు అనుకున్నాను. చూస్తే అక్క గోడకి చేరగిలబడిపోయి ఉంది.

"ఇది నాదే రయ్యా. ఎవ్వరికీ చెప్పలేదు."

"ఎవరికీ చెప్పనిది ఎలా పోతుందక్కా? కిబీబీ నీ కలలోకొచ్చి వినిపోయిందా?"

 అక్క దిండు కింద నుంచి ఫోను తీసి చాప మీద పెట్టింది.

"దీనికి చెప్పాను."

అప్పుడు బయటికొచ్చింది అసలు సంగతి. నస్సోరే ఆ ఫోనులో ఏదో వేసి ఇచ్చాడట. మనం కూనిరాగం తీస్తే చాలు, కానూను, వయొలిన్లు, డోలు అన్నీ అదే కలిపి పాట వినిపిస్తుందట. మాట తట్టకపోతే మాట కూడా అందిస్తుందట.

"బాబాయ్‌ని ఇంకోసారి మీటమంటే విసుక్కుంటాడు. ఇది విసుక్కోదు కదా అని..."

"ఆ మేనల్లుడి చేతి నుంచే ఇది తీసుకుని, బాబాయ్‌నా నువ్వు దొంగన్నది?"

 అక్క లేచి కొంగు కప్పుకుంది. ఇద్దరం తిన్నగా కిబీబీ ఇంటికి వెళ్ళాం.

కిబీబీ అరుగు మీద కూర్చుని పాదాలకి గోరింటాకు పెట్టించుకుంటోంది. మమ్మల్ని చూసి అదరలేదు, బెదరలేదు.

"దొంగతనమా? నీ ఇంటి కప్పు విప్పి దిగానా ఏంటక్కా? నస్సోర్ నాకూ అదే వేసిచ్చాడు. నేను అడిగాను, అది ఇచ్చింది. చూస్తావా?" అని ఫోను నోటి దగ్గర పెట్టుకుని, "మ్వానాహిజా కట్టినట్టు సవతి మీదొక పాట చెప్పు," అంది.

పాట వచ్చింది. ముందు కానూన్. పై స్వరానికి వెళ్ళేముందు ఒక్క క్షణం ఆగి, ఆలోచించుకున్నట్టు వెళ్ళింది. అలా ఆగడం ఈ ఊళ్ళో హారూబ్ బాబాయ్‌కి ఒక్కడికే అలవాటు. తర్వాత మాటలు. నేనెప్పుడూ వినని మాటలు, నడక మాత్రం అచ్చం అక్కదే.

"ఇది నువ్వు కట్టిందేనా?" అని గుసగుసగా అడిగాను.

అక్క చివరిదాకా విని, "కాదు," అంది. "కానీ ఇంకో నెల పోతే కట్టుండేదాన్నే."

నస్సోర్‌ని అడిగితే చేతులు దులుపుకున్నాడు. అది చేసినవాళ్ళు ఎక్కడో పై దేశంలో ఉన్నారట. ఒకరి మాట తెచ్చి ఇంకొకరికి ఇవ్వదట, విని నేర్చుకుంటుందట, అంతే. మరి అక్షరం పొల్లుపోకుండా ఆ దీపం చరణం కిబీబీ నోట్లోకి ఎలా వచ్చిందంటే, "ఒక్కోసారి అలా కలుస్తుంటాయి పిన్నీ," అన్నాడు. అన్నంతసేపూ మా ముఖం చూడలేదు. నేర్చుకున్నది యంత్రమో, అందించింది అతనో నాకిప్పటికీ తెలియదు.

బాబాయ్ కాఫీ అరుగు మీద డొమినో ఆడుతున్నాడు. అక్క అందరి ముందూ ఆయన ఎదురుగా నేల మీద కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన పావులు పక్కకి నెట్టాడు.

"నా వాయిద్యం కూడా దానికి వినిపించావా?"

"సాధనలో రికార్డు చేసినవన్నీ వినిపించాను బాబాయ్. వింటే బాగా నేర్చుకుంటుందన్నాడు నస్సోర్."

"దొంగన్నావని కాదమ్మా నా బాధ. నన్ను పట్టుకెళ్ళి దాంట్లో పోసొచ్చి, ఆ తర్వాత దొంగన్నావు చూడూ..." అని పావులు మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు. కాఫీ చల్లారిపోయింది.

రంజాన్ వెళ్ళాక ఒక మధ్యాహ్నం ఆయనే కానూన్ చంకనేసుకుని వచ్చాడు. ఇంట్లో కూర్చుంటే వేళ్ళు బిగుసుకుపోతున్నాయన్నాడు. మేం ఫోన్లన్నీ పక్కింట్లో పెట్టి వచ్చి కూర్చున్నాం.

ఈలోగా కిబీబీ ఊరంతా చెప్పేసింది, మ్వానాహిజాకి కూడా మాటలందించేది ఫోనేనని. మ్లాందెగే పేటలో ఒక పెళ్ళిలో మేం పాడుతున్నాం. పాట ఎవరికి తగలాలో ఆవిడకే తగిలింది. కానీ ఆవిడ ముఖానికి కొంగు అడ్డం పెట్టుకోలేదు. నడుం మీద చేతులేసుకుని, "ఏ ఫోను చెప్పిందమ్మా ఈ మాట?" అంది. పెరడంతా ఘొల్లున నవ్వింది. ఎంతటి నోటినైనా మూయించే మా అక్కకి ఆ రోజు మాట రాలేదు. మ్కాసి గబగబా డోలు మోగించి పాత పాటలోకి లాక్కుపోయింది.

ఆ మరుసటి వారం అక్క కొత్త చరణం తెచ్చింది. చదివి వినిపించింది. బాబాయ్ ఉంగరాలు తొడుక్కున్నాడు గానీ మీటలేదు.

"ఇదెక్కడిది?"

"నాదే."

"నిజంగానా?"

ఒకప్పుడైతే ఆ మాటకి ఇల్లు ఎగిరిపోయేది. అక్క మాత్రం కళ్ళు మూసుకుని, చరణాన్ని పెదవుల మీదే మళ్ళీ ఒకసారి అనుకుంది.

"నాదేననుకుంటున్నాను బాబాయ్."

ఆయన కాసేపు ఆవిడ వంక చూసి తీగ సవరించాడు. మేం వంత అందుకున్నాం. పాడుతున్నంతసేపూ నేను కూడా ఒక్కొక్క మాటే పట్టుకుని, దీన్నింతకుముందు ఎక్కడైనా విన్నానా అని వెతుక్కుంటూనే ఉన్నాను.