ఒక్క రాత్రికి పంచిన సోబా

సంచి సర్దుతున్నది పక్క మంచం తమియె. వెళ్లాల్సింది ఫుసాయె. వెళ్లాల్సిన మనిషేమో మంచం అంచున కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఇదంతా ఎవరి ప్రయాణమో అన్నట్టు చూస్తోంది.

"ఒక్క రాత్రికి రెండు జతల మేజోళ్లెందుకక్కా? కొండ దిగితే కాళ్లేమైనా పెరుగుతాయా?" అంటూ తమియె ఒక జత తీసి తన దిండు కింద దోపుకుంది.

ఆ నీలం గుడ్డసంచి ఒకప్పుడు ఫుసాయె తల్లి సర్దిచ్చినదే. పెళ్లి కూడా కాని వయసులో, మనసు చెదిరిన రోజుల్లో, అన్న ఆమెను ఈ కొండమీది ఆసుపత్రిలో దింపి, ఆపిల్ కోతలకల్లా తీసుకెళ్తామని చెప్పి వెళ్లాడు. ఆ తర్వాత ఎన్ని కోతలు గడిచాయో ఆ తోటలకే తెలియాలి. తల్లీ పోయింది, అన్నా పోయాడు. ఫుసాయె జుట్టు నెరిసి, పళ్లూడి, మూడో వార్డు కిటికీ పక్క మంచానికి పాతకాపు అయింది.

ఈమధ్యే గాలి మళ్లింది. ఏళ్ల తరబడి ఆసుపత్రుల్లో ఉండిపోయినవాళ్లను ఊళ్లలో కాపురం పెట్టించమని ప్రభుత్వం చెబుతోందట. కొండ కింద ఆసుపత్రివాళ్లు ఒక చిన్న ఇల్లు చూశారు. ఒక రాత్రి ఒంటరిగా ఉండి చూపిస్తే ఆ ఇల్లు ఫుసాయెది. ఇప్పటికి రెండుసార్లు పంపారు. మొదటిసారి చీకటి పడకముందే తిరిగొచ్చేసింది. రెండోసారి బస్టాపులో సంచి కౌగిలించుకుని కూర్చుని దొరికింది. ఈసారీ వెనక్కి వస్తే ఇల్లు ఇంకొకరికిస్తారు, మళ్లీ అడగరు. ఆ మాట తెలిసిన దగ్గర్నుంచి ఆమెకు అన్నం సయించడం లేదు.

కారులో దింపింది మగనర్సు కురోయివా. దారి పొడుగునా అప్పగింతలే. రాత్రికి ఏదో ఒకటి వండుకు తినండి, తలుపు గడియ పెట్టుకోండి, రేపు పొద్దున్నే వస్తాను. అన్నిటికంటే ముఖ్యం, ఇరుగుపొరుగు జోలికి పోకండి. ఆసుపత్రిలో ఉన్నవాళ్లు వస్తారంటేనే వీధివాళ్లు మీటింగు పెట్టుకుని వద్దన్నారు. ఆ పక్కింటి కోమియామావిడైతే లేచి నిలబడి మరీ వద్దంది.

ఫుసాయె తలూపింది. అతను వెళ్లగానే దుకాణానికి వెళ్లి సోబా సేమ్యా కట్టలు కొంది. తనకొక్కదానికి కాదు. ఎదురు మూడిళ్లకు, పక్క రెండిళ్లకు. కొత్తింట్లో కాలు పెట్టినవాళ్లు చేయాల్సిన పని అదేనని తల్లి నేర్పింది. ఒక్క రాత్రి పరీక్షకు వచ్చినవాళ్లు ఏం చేయాలో తల్లి చెప్పలేదు మరి, ఆవిడకేం తెలుసు.

నాలుగిళ్లలో వంగి దండం పెట్టి కట్టలిచ్చింది. వాళ్లూ తెల్లబోయి వంగి అందుకున్నారు. అయిదో ఇంటి తలుపు కోమియామావిడే తీసింది. యోషి ఆవిడ పేరు. మనిషి పొట్టి, చూపు పొడుగు.

"కొండ మీంచి వచ్చింది మీరేనా?"

"నేనేనండి."

"కోపమొస్తే మీద పడతారటగా?"

ఫుసాయెకు అబద్ధం తట్టలేదు. "ఒకసారి కరిచానండి. ఇందాక కారులో దింపాడే, ఆయన్నే."

యోషి కళ్లు చిట్లించింది. "కరిపించుకున్నవాడే కారులో తిప్పుతున్నాడా?"

"ఇప్పుడు నాకు పళ్లు లేవు కదండి."

యోషి నవ్వు ఆపుకుందామని చూసింది. కుదరలేదు. సోబా కట్ట అందుకుని తలుపు మూసేసింది. మూసిన తలుపు వెనక కూడా నవ్వు వినబడుతూనే ఉంది.

పొద్దు వాలేదాకా బాగానే గడిచింది. కొండ నీడ వీధిలోకి దిగేసరికి ఫుసాయె లేచి గది నాలుగు మూలలా తిరిగింది. వార్డులో ఈ వేళకు భోజనాల బండి చప్పుడవుతుంది. తమియె ఎవరి పక్కన కూర్చుందో. ఇక్కడ ఏ చప్పుడూ లేదు, ఎవరూ పేరు పిలవరు. ఆమె సంచి తీసుకుంది. బూట్లు తొడుక్కుంది. తలుపు తీసింది.

గుమ్మంలో యోషి నిలబడి ఉంది, చేతిలో మూతగిన్నెతో.

"నిరుడు ఊరబెట్టిన నొజావనా ఆకుకూర అయిపోవచ్చింది. అడుగున మిగిలింది తెచ్చాను. సంచితో ఎక్కడికి?"

ఫుసాయె సంచిని వెనక్కి దాచబోయింది. ఈలోగా గిన్నె ఆమె చేతిలోకి వచ్చేసింది. బరువైన గిన్నె, నీలం పూలది, పాతది. సంచీ గిన్నే రెండూ ఆ చేతుల్లో ఇమడలేదు. సంచినే కింద పెట్టింది.

"గిన్నె రేపివ్వండి, తొందరేం లేదు," అని యోషి వెళ్లిపోయింది.

ఒకరి గిన్నె ఇంట్లో పెట్టుకుని ఎలా వెళ్తాం? ఖాళీ గిన్నె తిరిగివ్వడం అంతకన్నా తప్పు. దాంట్లో ఏం పోసివ్వాలా అని ఆలోచిస్తూ ఫుసాయె బూట్లు విప్పింది. ఆలోచిస్తూనే సోబా ఉడకబెట్టుకుంది, ఆ కూర నంజుకు తింది. చిక్కుడుగింజలు తీపిగా ఉడికించిస్తే సరి అనుకునేసరికి నిద్ర ముంచుకొచ్చింది.

పొద్దున కురోయివా వచ్చేసరికి ఇల్లు ఖాళీ. అతను నేరుగా బస్టాపుకు పరుగెత్తాడు. అక్కడా లేదు. రొప్పుతూ వెనక్కి వస్తుంటే పక్కింటి పెరట్లో నవ్వులు వినిపించాయి. కొత్త నొజావనా ఆకు ఊరబెట్టడానికి కడిగే రోజులవి. వీధి ఆడవాళ్లు నలుగురు తొట్టి చుట్టూ చేరారు. మధ్యలో ఫుసాయె, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, ఎర్రబడ్డ వేళ్లతో ఆకు దులుపుతోంది.

పరీక్ష అయిపోయింది, బాగా చేశారు, పదండి, డాక్టరుగారితో మాట్లాడాలి అన్నాడు కురోయివా.

"రాలేను. గిన్నె ఇంకా ఇవ్వలేదు. కొత్తింటి సోబా కూడా పంచేశాను."

"ఒక్క రాత్రికా?" అన్నాడతను. తర్వాత నవ్వొచ్చి తొట్టి అంచు పట్టుకున్నాడు.

ఆ చేతిమీది పాత మచ్చ యోషి కంటపడింది. "కరిచింది ఈవిడేనట."

కురోయివా నవ్వు ఆగింది. "అవునండి. ముందు మంచానికి కట్టేసింది నేను. తప్పు నాది."

ఇన్నేళ్లలో ఆ మాట అతని నోట ఫుసాయె వినలేదు. ఆకు దులపడం మానేసింది. యోషి ఒక కూరకట్ట తీసి అతని చేతిలో పెట్టింది. "అయితే నువ్వూ ముంచు చేతులు."

మంచు కరిగిన నీళ్లు. అతను కెవ్వుమన్నాడు. అందరికన్నా ముందు నవ్వింది ఫుసాయె.

డాక్టరు ఫోనులో సణిగి, చివరికి తనే కొండ దిగి వచ్చాడు. మిగిలిన బట్టలు తమియె తెచ్చింది, దాచుకున్న మేజోళ్లతో సహా. తెచ్చి, కూర రెండు మార్లు వడ్డించుకుని తిని, ఈ వీధిలో ఇంకో ఇల్లు ఖాళీ అవుతుందా అని యోషినే అడిగింది. నీలం పూల గిన్నె ఆ రెండిళ్ల మధ్య తిరుగుతూనే ఉంది, ఎప్పుడూ నిండుగానే.

ఫుసాయె మూడో వార్డుకు తిరిగి రాలేదు. అక్కణ్ణుంచి వెళ్లింది రెండువేల అయిదు నవంబరు ఇరవయ్యారు, శనివారం.