బారిస్టరు గారి చాచిన చెయ్యి

ఇస్త్రీ పెట్టెలోని ఇనప దిమ్మ చల్లారిపోయింది. పటకారుతో దాన్ని తీసి నిప్పుల్లో వేసి, ఎర్రగా కాలిన రెండోదాన్ని పెట్టెలోకి జారవిడిచి మూత వేశాను. గంజి పెట్టిన తెల్లపట్టీలు బల్ల మీద తడిగుడ్డ కింద ఉన్నాయి. ఒకటి అయింది, ఇంకొకటి చెయ్యాలి.

బారిస్టర్లు కోర్టులో మెడకి కట్టుకునే పట్టీలు అవి. జానెడు కూడా ఉండవు. కానీ అంచు కాస్త వంకరపోతే మా అయ్యగారు ఊరుకోరు. వెనకటికి ఎవరో బారిస్టరు అవి కట్టుకోవడం మరిచిపోయి వాదించడానికి లేస్తే, జడ్జి సూటిగా ఆయన వైపే చూస్తూ "మీరు నాకు కనపడడం లేదు" అన్నాడట. విగ్గు లేకపోయినా అంతేనట. ఎదురుగా నిలబడి గొంతు చించుకున్నా ఆ మనిషి కనపడడు, మాట వినపడదు. ఇంటికి ఎవరు భోజనానికి వచ్చినా అయ్యగారు ఈ ముచ్చట చెబుతారు. చెప్పి ముందుగా తనే నవ్వుతారు.

ఆ పొద్దున నాకు నవ్వు రాలేదు. ఆ పట్టీలు కట్టుకుని ఆయన వాదించబోయేది మా ఊరిని ఖాళీ చేయించడానికి.

"వింటున్నావా డీలియా, పైన?" అంది హొనోరా అమ్మగారు పొద్దుటి ఫలహారానికి గంజి కలియబెడుతున్న గరిటెని మేడ వైపు చూపిస్తూ. ఆవిడ అయ్యగారికి అక్క. ఆయన పెళ్ళి చేసుకోలేదు కాబట్టి ఇల్లంతా ఆవిడ చేతిమీదే నడుస్తుంది. "అద్దం ముందు మొదలుపెట్టాడు. పోయిన ఆదివారం చర్చి ముందు పీపా ఎక్కి, ఈ నేల దున్నేవాడిది అని అరిచిందీ ఆ గొంతే. ఇవాళ మేజరు ఎడ్లకి మేత కావాలంటున్నదీ ఆ గొంతే. ఒకే గొంతు! మధ్యలో జలుబన్నా చెయ్యలేదు."

నేను రెండో పట్టీ బల్ల మీద పరిచాను. ఆ ఇంట్లో మాట్లాడేవాళ్ళు ఇద్దరున్నారు, అది చాలు.

జరిగింది ఇది. మా ఊరు క్లూన్‌బెగ్. అక్కడి భూమంతా మేజరు హారోబిన్‌ది. ఆయనకి మనుషుల కంటే ఎడ్ల మీద రాబడి ఎక్కువని తోచి, ఇళ్ళన్నీ ఖాళీ చెయ్యమని నోటీసులు పంపాడు. కేసు గాల్వే కోర్టుకి వచ్చింది. మా వాళ్ళకి భయం లేదు. మా అయ్యగారు మాలకీ డెవేన్ గారు బారిస్టరు, పైగా మా ఓట్లతో గెలిచిన పార్లమెంటు మెంబరు. ఇంకెవరు మాట్లాడతారు? ఆ ధీమాతోనే, కేసు కాగితాలు తయారుచేసి బారిస్టరుకి అందించాల్సిన మా తరఫు వకీలు వాటిని ముందుగా పంపలేదు. ఆయన మనవాడే కదా, పొద్దున పంపితే సరిపోతుందిలే అనుకున్నాడు.

బారిస్టర్లలో ఒక కట్టడి ఉంది. కేసు కాగితాలు ఎవరు ముందు చేతికిస్తే వాళ్ళ తరఫునే వాదించాలి. నచ్చింది, నచ్చలేదు అనడానికి లేదు. తీసుకున్నాక తిరిగి ఇవ్వకూడదు. ఇస్తే తోటి బారిస్టర్లు ఇక ఆ మనిషితో ఒక బల్ల దగ్గర కూర్చుని తినరు.

ఇంకో కట్టడీ ఉంది. వాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు చేతులు కలపకూడదు. మా అయ్యగారు ఆ లోటంతా బయట తీర్చుకుంటారు. సంతకి వెళ్తే పాలేరు చేతినీ పట్టుకుని ఊపుతారు, పాదిరి చేతినీ పట్టుకుని ఊపుతారు. తలుపు చప్పుడైతే నోటికంటే ముందు ఆయన చెయ్యి పలుకుతుంది.

ముందురోజు సాయంత్రం తలుపు చప్పుడైంది. నేను దీపం వెలిగిస్తున్నాను. నేను లేచేలోపే ఆయన వెళ్ళి తలుపు తీసి, చీకట్లో ఎవరో కూడా చూడకుండా చెయ్యి చాచి, "రండి రండి, ఇంట్లో అంతా కులాసానా?" అన్నారు. వచ్చినవాడు మేజరు వకీలు టిస్డాల్. అతను ఆ చేతిలో చెయ్యి పెట్టలేదు. ఎర్ర నాడాతో కట్టిన కాగితాల చుట్ట పెట్టాడు. అయ్యగారు దాన్ని పట్టుకుని రెండుసార్లు ఊపాక గాని అదేమిటో చూసుకోలేదు.

"కాగితాల కట్టకి కుశలప్రశ్నలు వేశాడే నా తమ్ముడు!" అని ఆ రాత్రంతా తల పట్టుకుంది అమ్మగారు.

ఇప్పుడు ఆయన మేడ దిగి వచ్చారు. నున్నగా గడ్డం గీసుకున్నారు. చంకలో ఆ కాగితాలు, చేతిలో విగ్గు పెట్టుకునే నల్లటి రేకు డబ్బా.

"పట్టీలు అయ్యాయా డీలియా?"

"ఒకటి ఉందండీ."

"మాలకీ," అంది అమ్మగారు గంజి గిన్నె ఆయన ముందు ఠపీమని పెట్టి, "టిస్డాల్ దిగిన హోటలు వంతెన అవతలే. తీసుకెళ్ళి ఆ కట్ట వాడి మొహాన కొట్టిరా. పొయ్యి మీద కెటిల్ కాగేలోపు తిరిగొస్తావు."

"అక్కా, రాత్రంతా చెప్పాను."

"రాత్రంతా చెప్పావు. నాకు అర్థం కావడం లేదు. ఇంకోసారి చెప్పు, ఈసారి చిన్నగా చెప్పు."

ఆయనకి చిన్నగా చెప్పడం రాదు. కుర్చీ వెనక్కి నెట్టి లేచారు. "ఆ కట్టడి ఉండబట్టే అందరూ హంతకుడన్న గొర్రెల కాపరి తరఫున నేను నిలబడ్డాను. వాడు నిర్దోషి అని తేలింది. నచ్చినవాళ్ళకే వాదిస్తానని ప్రతి బారిస్టరూ అంటే, రేపు బీదవాడికి దిక్కెవరు? చట్టం అనేది..."

"బీదవాళ్ళు కోర్టు మెట్ల మీద కూర్చున్నారు! వాళ్ళకి దిక్కెవరో వెళ్ళి చెప్పు!"

"వాళ్ళకి వాదించడానికి ఇంకో బారిస్టరు, హెన్నెసీ ఉన్నాడు."

"హెన్నెసీ! వాడు తన కాలరుతో మాట్లాడతాడు. పక్కన కూర్చున్నవాడికే వినపడదు."

ఇస్త్రీ పెట్టె నా చేతిలోనే ఉంది. ఇంకో రెండు క్షణాలు అలాగే ఉంచితే పట్టీ మాడిపోతుంది. ఉంచుదామా అనిపించింది. కానీ సొరుగులో ఇంకా పట్టీలున్నాయి. నేను కాల్చగలిగింది గుడ్డనే. పెట్టె ఎత్తి పక్కన పెట్టాను.

అప్పుడు వెనక తలుపు తోసుకుని మా నాన్న వచ్చాడు. మా ఊరివాళ్ళతో రాత్రంతా నడిచి వచ్చాడు. కోటు భుజాలు తడిసి ఉన్నాయి. నా వైపు ఒకసారి చూసి, "బాగున్నావా పిల్లా?" అన్నాడు. అమ్మ గురించి అడగబోయాను. "మంచం, కుర్చీలు వాకిట్లో పెట్టి కూర్చుంది. మేజరు మనుషులు విసిరితే విరుగుతాయని ముందే తనే తెచ్చి పెట్టుకుంది," అన్నాడు.

నాన్నని చూడగానే అయ్యగారి మొహం వెలిగింది. అందులో నటన లేదు. మనిషిని చూస్తే ఆయనకి నిజంగానే సంతోషం. రెండు అంగల్లో వంటిల్లు దాటి, చెయ్యి చాచి, "ఫెస్టస్! ఇంట్లో అంతా కులాసానా?" అన్నారు.

హొనోరా అమ్మగారు కళ్ళు మూసుకుంది.

నాన్న ఆ చేతిని చూశాడు. ఎన్నికలప్పుడు ఆ చెయ్యి పట్టుకున్నాక, తన చెయ్యి పొద్దుపోయేదాకా కడుక్కోలేదని ఊరంతా నాన్నని ఏడిపించేవాళ్ళు. ఇప్పుడు రెండు చేతులతోనూ టోపీ పట్టుకుని నిలబడ్డాడు.

"మీ చెయ్యి ఖాళీగా లేదు కదయ్యా," అన్నాడు. "నిన్నటి నుంచి."

"ఫెస్టస్, నువ్వు తెలివైనవాడివి. నీకు అర్థమవుతుంది. ఇది నా ఇష్టం కాదు, చట్టం..."

"నాకు అర్థం కాలేదయ్యా. కానీ మీరు మా తరఫున మాట్లాడాలని అడగడానికి రాలేదు. అది దాటిపోయింది, మా వకీలు మొద్దునిద్ర పోయాడు. మీరు మాట్లాడకపోతే చాలు. ఇంతకాలం మాట్లాడమని మిమ్మల్ని బతిమాలాం. ఇవాళ ఒక్కరోజు ఊరుకోండి. ఆ హెన్నెసీ బాబు ఎంత మెల్లగా గొణిగినా, ఎదురుగా మీరు లేకపోతే జడ్జికి కాస్తన్నా వినపడుతుంది."

 అయ్యగారి చెయ్యి ఇంకా ముందుకి చాచే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకి తెలియలేదు. ఆ చెయ్యి అలా ఒంటరిగా మిగలడం నేను చూడటం అదే మొదలు.

నాన్న టోపీ పెట్టుకున్నాడు. "కాస్త టీ తాగి వెళ్ళు ఫెస్టస్," అంది అమ్మగారు. "మళ్ళీ వస్తానమ్మా. మావాళ్ళు మెట్ల మీద ఉన్నారు," అని వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

పొయ్యి మీద కెటిల్ కాగింది. అమ్మగారు పాపం ఎంతసేపని ఊరుకుంటుంది? "నే చెప్పలేదూ..." అని మొదలుపెట్టింది. తమ్ముడి మొహం చూసి ఆపేసింది.

నేను రెండు పట్టీలూ ఆయన ముందు పెట్టాను. ఇంకా వెచ్చగా ఉన్నాయి. "అయ్యగారూ, అయ్యాయండి."

ఆయన ఒకటి తీసుకుని అంచు మీద వేలు పోనిచ్చి చూశారు. బాగా వచ్చిందన్నట్టు తల ఊపారు. మళ్ళీ నా బల్ల మీదే పెట్టేశారు, రెండోదాని పక్కన, సరిగ్గా అంచుకి అంచు కలిసేలా. విగ్గు డబ్బా ఎత్తి అల్మారా పైన, వేసవి సెలవల్లో ఉండే చోట పెట్టారు. కాగితాల కట్ట నాడా వదులైతే ముడి బిగించి కుడిచేతిలో పట్టుకున్నారు.

"మాలకీ," అంది అమ్మగారు మెల్లగా. "వాళ్ళు నిన్ను ఇక బల్ల దగ్గర కూర్చోనివ్వరురా."

పొద్దున్నుంచి తను చెయ్యమని పోరిన పనే ఆయన చేస్తుంటే, ఆవిడ గరిటె పట్టుకుని ఆయన దారికి అడ్డంగా నిలబడింది. ఆయన ఆవిడ భుజం పట్టుకుని నెమ్మదిగా పక్కకి జరిపారు.

ఆయన ఎప్పుడూ గడప మీద ఆగి, వీధి వినేలా ఏదో ఒకటి చెప్పి గాని బయటికి వెళ్ళరు. వాన గురించో, పార్లమెంటు గురించో, కనీసం ఎదురింటి పిల్లి గురించో. నేనూ అమ్మగారూ అలవాటుగా ఆగి చూశాం. గడప దాటి, తలుపు దగ్గరగా లాగి, ఆయన ఏమీ అనకుండా వంతెన వైపు వెళ్ళిపోయారు.