పుట్టింటికి వచ్చిన బొమ్మ

నేను ఒక పెళ్లికూతురు బొమ్మను. పెళ్లయి చాలా ఏళ్లయింది, అయినా ఇప్పటికీ పెళ్లికూతురినే. మనుషులకైతే పదహారు రోజుల పండుగ దాటగానే ఆ ముచ్చట తీరిపోతుంది, మామూలు చీర కట్టుకుని ఎవరి పనుల్లో వాళ్లు పడతారు. నాకు ఆ వీలు లేదు. ఆనాడు చుట్టిన పట్టుముక్క, అంటించిన బాసికం అలాగే ఉన్నాయి. ముఖంలో కళ పోయింది కానీ ముస్తాబు పోలేదు. నిజం చెప్పాలంటే, అలిసిపోయాను.

నేను పుట్టింది చీరాలలో, ఒక మేడ కింద వాటాలో, కుట్టుమిషను కింద. ఆ వాటాలో సామ్రాజ్యం అని ఒకావిడ అద్దెకుండి జాకెట్లు కుట్టేది. ఆమె భర్త లారీ ఎక్కితే మళ్లీ ఎప్పుడు దిగుతాడో ఆయనకే తెలియదు. వాళ్లకు ఒక్కతే కూతురు, ఝాన్సీ. వేసవి సెలవుల్లో బయట ఎండ, లోపల మిషను మోత. అమ్మ కాళ్ల దగ్గర రాలిన ముక్కలు ఏరుకోవడం తప్ప ఆ పిల్లకు వేరే కాలక్షేపం లేదు. ఆ ముక్కల్లోంచి ఆమె నన్ను తీసింది.

నా ఒళ్లంతా లైనింగు గుడ్డ చుట్ట. చేతులు చీపురుపుల్లలు. తల మాత్రం ఒక కుంకుడుకాయ, దాని మీద దూది, దాని మీద మెత్తటి తెల్ల గుడ్డ. లోపల గింజ అటూ ఇటూ దొర్లుతుంది కాబట్టి నేను ఆలోచిస్తుంటే బయటికి వినిపిస్తుంది. జుట్టు వాళ్ల అమ్మమ్మ పాత సవరంలోంచి కత్తిరించింది. అందుకు వీపు మీద ఒక దెబ్బ తిన్నది, కానీ జుట్టు తిరిగి ఇవ్వలేదు. కళ్లు నల్లపూసలు. నోరు పెట్టలేదు. ఎందుకు పెట్టలేదే అని వాళ్లమ్మ అడిగితే, ఇదేం మాట్లాడుతుందో ఇంకా తెలియలేదు, తెలిశాక పెడతానంది. ఎవరో బ్యాంకు ఆఫీసరు భార్య జాకెట్టులో మిగిలిన ఎర్రటి జరీ ముక్క దొరకబట్టి నేను పెళ్లికూతురినయ్యాను. ఖాకీ ముక్క దొరికి ఉంటే పోలీసునయ్యేదాన్ని. మనుషులు నుదుటి రాత అంటారు. నా రాత రాసింది కత్తెర.

చీరకు ఒక జేబు కూడా కుట్టింది. పెళ్లికూతురికి జేబేమిటి అనకండి. తన గౌన్లకు జేబులు కావాలని ఝాన్సీ ఎప్పటినుంచో అడుగుతోంది, ఆడపిల్లకు జేబులేంటని వాళ్లమ్మ కుట్టలేదు. తనకు దక్కనిది నాకు పెట్టింది. అందులో ఒక చింతగింజ వేసి, ఖర్చులకు ఉంచుకో అంది. నాకు పేరు కూడా పెట్టలేదు. ‘ఇదిగో’ అని పిలిచేది. నేను పలికేదాన్ని. నా మటుకు నాకు ఆ పేరు చాలు.

మేడ మీద ఇంటివాళ్లు. ఆ ఇంటి పెద్ద వర్ధనమ్మగారు మంచి మనిషి. ఆ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఈ కథలో చెడ్డవాళ్లెవరూ లేరు. అదే నా ప్రాణానికి వచ్చింది. చెడ్డవాళ్లయితే తిట్టుకునైనా ఊరుకునేదాన్ని. ఆవిడ చేతుల మీదుగా బోలెడన్ని పెళ్లిళ్లు జరిగాయి. కూతుళ్లవి, మరదళ్లవి, ఆఖరికి పాలమ్మే ఆవిడ చెల్లెలిది కూడా. ఆ ఏడాది పెళ్లి చేయడానికి ఇంట్లో ఎవరూ మిగల్లేదు. ఆవిడకు చేతులు ఊరుకోవడం లేదు. సరిగ్గా అప్పుడే ఝాన్సీ మెట్ల మీద కూర్చుని నాకు జడ వేయడం ఆవిడ కంటబడింది.

ఆవిడ మనవరాలు సింధూర దగ్గర మద్రాసు నుంచి మేనమామ తెచ్చిన ప్లాస్టిక్ బొమ్మ ఉంది. కోటు, బూటు, నీలం కళ్లు. పడుకోబెడితే కళ్లు మూస్తాడు, నిలబెడితే తెరుస్తాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన చేసింది అంతే. సంబంధం బాగుందని వర్ధనమ్మగారు తీర్మానించారు. నా ఎత్తు ఆయన నడుము దాకా కూడా రాదు. ఆ మాట ఎవరూ అనలేదు.

బొమ్మల పెళ్లి అంటే పిల్లలు ఆడుకునేది అనుకున్నాను. పెద్దవాళ్లు చేరితే అది ఆటగా ఉండదని నాకేం తెలుసు? వరండాలో చీరలతో పందిరి వేశారు. పానకం కలిపారు, వడపప్పు నానేశారు. సందులో ఆడవాళ్లంతా ఉతికిన చీరలు కట్టుకుని వచ్చారు. వర్ధనమ్మగారే పురోహితుడు, ఆవిడే వియ్యపురాలు. పేరు లేని పిల్లకు పెళ్లేమిటని అప్పటికప్పుడు కల్యాణి అని పెట్టారు. నా నెత్తిన జీలకర్ర, బెల్లం పెడితే చీమలు పట్టాయి. తలంబ్రాలకు తలలో గింజ గిలగిల కొట్టుకుంది. ఝాన్సీకి మాత్రం పట్టలేనంత సంబరం. తన బొమ్మను ఇంతమంది చూస్తున్నారు కదా. మధ్యమధ్యలో నా కొంగు సర్దుతూ, ఈ కుట్టు నేనే వేశానని అందరికీ చూపించింది.

తర్వాత అప్పగింతలు. నా చీపురుపుల్లల చేతులు పాలలో ముంచి సింధూర చేతిలో పెట్టించారు. పెట్టమంటే ఝాన్సీ పెట్టింది. అయిపోయింది కదా అని నన్ను తీసుకోబోయింది. వర్ధనమ్మగారు నవ్వుతూ ఆ చెయ్యి పట్టుకున్నారు.

“అదేమిటే, పెళ్లి చేసి ఇచ్చావు కదా. ఇంక పిల్ల మాది.”

ఝాన్సీకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఏడ్చింది. అది ఆట ఏడుపు కాదు. ఊపిరి అందక, ముక్కు కారుతూ, నేల మీద కూలబడి ఏడ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు విరగబడి నవ్వారు. అచ్చం పిల్లను పంపుతున్న తల్లిలాగే ఏడుస్తోందే, ఎవరు నేర్పారే నీకు అన్నారు. ఒకావిడకు తన కూతురు గుర్తొచ్చి నిజంగానే కళ్లు తుడుచుకుంది. ఝాన్సీ బుగ్గలు పుణికి, చేతిలో అరిటిపండు పెట్టి, ఎంత బాగా చేశావే అని మెచ్చుకున్నారు. ఆ పిల్ల ఏడుపు నిజమని ఆ వరండాలో తెలిసింది నాకొక్కదానికే. నోరు లేదు, ఎవరితో చెప్పను?

కింద సామ్రాజ్యం కూతుర్ని ఒళ్లోకి లాక్కుంది. బొమ్మే కదే, ఇంకోటి చేసుకో అంది. ఝాన్సీ వినలేదు. అడిగి తెచ్చిపెట్టమని ప్రాణం తీసింది. ఇంటివాళ్లతో మాట పట్టింపు మనకెందుకు, పెద్దావిడ ముచ్చటపడి చేసిందని చెప్పి ఆమె మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆ మోతలో ఇంక ఎవరి మాటా ఎవరికీ వినపడదు.

అత్తవారింట్లో నాకు ఏ లోటూ చేయలేదు. అద్దాల బీరువాలో, కొండపల్లి ఏనుగుకూ వెండి కుంకుమభరిణకూ మధ్య, మా ఆయన పక్కన నిలబెట్టారు. నేను ఒక పక్కకు ఒరుగుతున్నానని మెడలోంచి నడుము దాకా ఒక పుల్ల దిగ్గొట్టారు. అప్పటిదాకా కొంచెం వంగి, ఎవరైనా మాట్లాడితే వింటున్నట్టు ఉండేదాన్ని. ఆ తర్వాత నిటారుగా నిలబడ్డాను. జేబు అసహ్యంగా ఉందని కుట్టేశారు. గింజ లోపలే ఉండిపోయింది. సింధూర వాళ్ల పిన్ని వచ్చి, అయ్యో దీనికి నోరు లేదేమిటని జాలిపడి, గోళ్లరంగుతో ఎర్రగా నవ్వే నోరు గీసింది. అందరూ బాగుందన్నారు. ఇంత శ్రద్ధ తీసుకున్నవాళ్లను నేనేమనగలను?

జాకెట్లు ఇవ్వడానికి వాళ్లమ్మ వెనకాలే ఝాన్సీ పైకి వచ్చేది. బీరువా అద్దానికి ముక్కు ఆనించి నన్ను చూసేది. మా మధ్య అద్దం ఆమె ఊపిరికి మసకబారేది. ముట్టుకోకు, అద్దం మీద మరకలు పడతాయని వాళ్లమ్మే వెనక్కి లాగేది. ఆ మెట్లు దిగే అడుగుల చప్పుడు విని, ఇంక ఈ జన్మకు ఇంతేనని నేను సర్దుకున్నాను.

ఆషాఢం వచ్చింది. సందు చివర ఇంటి కొత్త పెళ్లికూతురు పెట్టెతో సహా పుట్టింటికి వచ్చింది. అత్తాకోడళ్లు ఒక గడపలో ఉండకూడదట ఆ నెల. మంచిదే, ఆ పిల్లకు ఒక నెల విశ్రాంతి. వాళ్లమ్మ కొత్త జాకెట్లు కుట్టించడానికి వచ్చి, ఇవన్నీ సామ్రాజ్యంతో చెబుతుంటే మిషను కింద కూర్చుని ముక్కలు ఏరుకుంటున్న ఝాన్సీ విన్నది. ఇంకేముంది, మర్నాడు పొద్దున్నే తల దువ్వుకుని, పళ్లెంలో రెండు అరిటిపళ్లు, ఇంత బెల్లం ముక్క పెట్టుకుని ఒక్కతే మేడ ఎక్కింది. గుమ్మం దగ్గరే నిలబడి, ముందే కూడబలుక్కున్న మాట చెప్పింది.

“మామ్మగారూ, ఆషాఢం వచ్చింది. మా అమ్మాయిని తీసుకుపోదామని వచ్చాను.”

వర్ధనమ్మగారు నవ్వి నవ్వి పొట్ట పట్టుకున్నారు. ఆ నవ్వులోనే ఆవిడకు తెలిసింది, తాను పెట్టిన పద్ధతికి తానే దొరికిపోయానని. కాదంటే ఆచారం తప్పినట్టే. బీరువా తెరిచి, నాకు బొట్టు పెట్టి, శ్రావణం మొదటి శుక్రవారానికల్లా మా కోడల్ని పంపించాలి సుమా అని ఝాన్సీ చేతిలో పెట్టారు. పంపిస్తానని ఝాన్సీ ఒప్పుకుంది. మెట్లు దిగుతున్నంతసేపూ నన్ను గుండెకు అదుముకుంది. ఆ గుండె ఎంత గట్టిగా కొట్టుకుందో! నా బతుకులో నేను సుఖపడింది ఆ మెట్ల మీదే.

ఇంటికి వెళ్లగానే నన్ను బాగుచేయడానికి కూర్చుంది. ముందు నోరు చెరపబోయింది. సబ్బుతో రుద్దింది, కిరసనాయిలుతో తుడిచింది. రంగు పోలేదు, ముఖం నూలు లేచింది. జేబు కుట్టు విప్పబోతే చీర చిరిగింది. మెడలో పుల్ల లాగితే తల ఊడి చేతిలోకి వచ్చింది, మళ్లీ పుల్ల దూర్చి నిలబెట్టాల్సి వచ్చింది. ఝాన్సీ నన్ను ఎదురుగా పెట్టుకుని చాలాసేపు చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు. పాత జాకెట్టు ఇస్తే వాళ్లమ్మ అలాగే చూస్తుంది.

కుట్టేవాళ్ల దగ్గర ఆది జాకెట్టు అని ఒకటుంటుంది. ఒంటికి సరిపోయిన పాతది ఒకటి ఇస్తే దాని కొలతలతో కొత్తది కుడతారు. పని అయ్యాక పాతదాన్ని మడిచి తిరిగి ఇచ్చేస్తారు. మర్నాటి నుంచి నేను అదే అయ్యాను. ఝాన్సీ నన్ను పక్కన పడుకోబెట్టి, దారంతో నా చెయ్యి కొలిచేది, నడుము కొలిచేది, పక్క కుట్టు కాస్త విప్పి లోపల దూది ఎలా పెట్టిందో చూసుకుని మళ్లీ కుట్టేసేది. అబ్బ, ఇక్కడ ఎంత పిచ్చిగా కుట్టాను అని నవ్వుకునేది. ఎదురింట్లో స్లాబు వేస్తుంటే మేస్త్రీని అడిగి ఇనప కడ్డీలు కట్టే బైండింగు తీగ తెచ్చుకుంది. ఎవరిదో నిక్కరు పొట్టి చేయగా మిగిలిన ఖాకీ ముక్క దొరికింది. నన్ను చేసినప్పుడు మోకాళ్ల సంగతి ఆమెకు తట్టలేదు. ఈసారి తట్టింది. ఆ కొత్తది కూర్చుంటుంది, లేస్తుంది, కాలు మీద కాలు వేసుకుంటుంది, గుమ్మం పట్టుకుని వేలాడుతుంది. అది ఆడో మగో, పోలీసో పోస్టుమానో ఎవరికీ అంతుబట్టలేదు. వాళ్లమ్మ అడిగితే, ‘ఇది ఇదే’ అంది ఝాన్సీ.

నేను ఏం అనుకున్నానో చెబుతాను, మీరు నవ్వినా సరే. పైకి పంపడానికే ఇంకో బొమ్మను చేస్తోందనుకున్నాను. దానికి పట్టుచీర చుట్టి అత్తారింటికి పంపేసి, నన్ను దాచుకుంటుందనుకున్నాను. నెలంతా ఆ ఆశతోనే నా కుట్లు విప్పనిచ్చాను.

శ్రావణ శుక్రవారం వర్ధనమ్మగారు సింధూరను వెంటేసుకుని స్వయంగా కిందికి వచ్చారు, కోడలికి రవికె గుడ్డ తీసుకుని. ఝాన్సీ నన్ను తీసి, చిరిగిన చోట కొంగు కప్పి, జుట్టు సరిచేసి, రెండు చేతులతో అందించింది. నన్నే. అప్పుడు సింధూర కళ్లు కిటికీలో కూర్చున్న ఖాకీ బొమ్మ మీద పడ్డాయి. ఇదీ కావాలంది. ఇంకేం, దీనికీ ఒక సంబంధం చూద్దామన్నారు వర్ధనమ్మగారు ఉత్సాహంగా.

ఝాన్సీ లేచి కిటికీకి అడ్డంగా నిలబడింది. “దీనికి పెళ్లి చెయ్యం మామ్మగారూ. ఇది నా దగ్గరే ఉంటది.”

వర్ధనమ్మగారు నవ్వుతూ సామ్రాజ్యం వైపు చూశారు, నువ్వు చెప్పు అన్నట్టు. మిషను ఆగింది. సామ్రాజ్యం తలెత్తకుండా సూదిలోకి దారం ఎక్కిస్తూ, “అది చేసుకున్న బొమ్మ అమ్మగారూ, దాని ఇష్టం” అంది. ఆమె ఆ ఇంటావిడకు ఎదురుచెప్పడం నేను అంతకు ముందు వినలేదు. పెద్దావిడ సర్లే, అలాగే కానీ అని నన్ను తీసుకుని మెట్లెక్కారు. సగం మెట్ల మీద ఆగి, ఈసారి ఏడవలేదేమే అని వెనక్కి తిరిగి అడిగారు కూడా. ఝాన్సీ అప్పటికే కిటికీ వైపు తిరిగింది. ఖాకీ బొమ్మకు ఎడమ మోకాలు బిగుసుకుందేమో, వంచి చూసుకుంటోంది.

ఆ తర్వాత ఏ ఆషాఢానికీ నన్ను తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. వాళ్లు ఆ వాటా ఖాళీ చేశారని బీరువాలో ఉండగా విన్నాను. సింధూర పెద్దదయ్యాక ఆ పిల్ల గెలిచిన కప్పులు, పతకాలు బీరువాలోకి వచ్చాయి, మేము అటక మీది అట్టపెట్టెలోకి వచ్చాం. మా ఆయన్ను పడుకోబెట్టారు కాబట్టి కళ్లు మూసుకునే ఉంటాడు. నాకు ఆ వెసులుబాటు కూడా లేదు. పూసల కళ్లు కదా, మూతపడవు. చీకట్లోకి చూస్తూ అవే సంగతులు తిరగేస్తుంటాను. ఝాన్సీకి బొమ్మలు చేయడం నా ఒంటి మీదే వచ్చింది. ఆ మాట ఎవరూ అనకపోయినా అది నిజం, అది నాకు గొప్పే. కానీ నన్ను తిరిగి ఇచ్చేసిన రోజున ఆ పిల్ల ఏడవలేదు. అందుకు సంతోషించాలని నాకు తెలుసు. ఇన్నేళ్లుగా ఆ ప్రయత్నంలోనే ఉన్నాను.