మామయ్యగారు ఖాళీ చేసిన ఓడ

బస్సు డిపోలో ముప్ఫై ఏళ్లు టైమ్‌కీపరుగా పనిచేసినాయన కంటికి ఓడ కూడా బస్సులాగే కనిపించింది. ఎప్పుడు బయల్దేరింది, ఎక్కడ ఆగింది, ఎంత లేటు! కొడుకు చమురు ఓడలో పంపులు నడిపే పనికి చేరినప్పటినుంచీ ఆయన ఫోనులో ఆ ఓడ వెంటపడి, అన్నీ నోటుబుక్కులో ఎక్కిస్తున్నాడు. పొడవు రెండొందల యాభై మీటర్లు, మోసేది లక్ష టన్నులు. నిండుగా ఉంటే నీళ్లలో పధ్నాలుగు మీటర్లు మునుగుతుంది. సరుకు దించేకొద్దీ పైకి తేలుతుంది.

సరుకు దిగితే కొడుకూ దిగుతాడు, సెలవు మంజూరైంది. కానీ ఓడ నాలుగు రోజులుగా రేవు బయట లంగరేసుకుని మొండికేసింది. ఇక్కడ కోడలికి పది రోజులు ముందే నొప్పులొచ్చాయి. ఇంట్లో ఆడదిక్కు లేదు. కోడలి తల్లి ఎక్కిన రైలు సాయంత్రానికిగానీ రాదు. ఆసుపత్రి మంచం పక్కన స్టూలు మీద ఆయనొక్కడే.

"ఓడ ఎక్కడుంది మామయ్యగారూ?"

ఫోను చూశాడు. అక్కడే ఉంది, వెధవ ఓడ. కోడలి మొహం చూశాడు. ఒక్క బస్సుకైనా తప్పుడు టైము రాసి ఎరగని మనిషి గొంతు సవరించుకున్నాడు.

"రేవులోకొచ్చేసిందమ్మా. దించుతున్నారు."

నొప్పి వచ్చినప్పుడల్లా ఆమె ఆయన చెయ్యి పట్టుకునేది, ఆయన ఓడ మునకలో ఓ మీటరు తగ్గించి చెప్పేవాడు. పన్నెండు. పదకొండు. తొమ్మిదికొచ్చేసరికి నర్సు కూడా ఆగి వింటోంది.

"ఆరు! ఖాళీ అయిపోయింది తల్లీ. ఇక వాడు దిగడమే తరువాయి."

అంత బాధలోనూ కోడలు నవ్వింది. "రెండు గంటల్లో లక్ష టన్నులా? మీ అబ్బాయికి రోజున్నర పడుతుంది. ఇంకా రేవులో చోటు దొరకలేదని పొద్దున్నే ఫోన్ చేశారు."

ఆయన మొహం చిన్నబోయింది. "తెలిసీ మరి ఎందుకడిగావమ్మా?"

"మీరలా చెబుతుంటే ఓర్చుకోగలుగుతున్నాను. ఆపకండి."

ఈ పిల్ల తన మీద ఇంత భరోసా పెట్టుకుందని ఆయనెప్పుడూ అనుకోలేదు. ఆమె చేతిని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు.

"సరే తల్లీ. దాని వెనకాలే ఇంకో ఓడొచ్చింది. ఇది మరీ పెద్దది" అని, ఈసారి తొందరపడకుండా పద్దెనిమిది నుంచి మొదలుపెట్టాడు.